బిల్లు ఆగకూడదు

హోల్‌సేల్ మందుల షాపు ఒకటి, గోడౌన్లు రెండు, రౌటర్లు మూడు. "ఏ రౌటింగ్ ప్రోటోకాల్ పెడదాం సార్?" అని మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు అడిగాడు.

ఒక్కో గోడౌన్‌కీ ఒకటే లైన్ ఉంటే స్టాటిక్ రూట్లు చేత్తో రాసుకుంటే సరిపోతుంది. ఇక్కడ మూడు చోట్లూ ఒకదానికొకటి కలిసే ఉన్నాయి. ఒక లైన్ తెగినా ఇంకోవైపు నుంచి బిల్లింగ్ నడవాలి.

అందుకే దారిని తనంతట తానే మార్చుకునే ప్రోటోకాల్ కావాలి: ఆర్‌ఐపీ లేదా ఓఎస్‌పీఎఫ్. ఆర్‌ఐపీ నేర్చుకోవడం తేలికే. కానీ అవతలి రౌటర్ నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే, మామూలు సెట్టింగుల్లో 180 సెకన్లు ఆగి గానీ ఆ దారి పోయిందని తేల్చదు. ఓఎస్‌పీఎఫ్ 40 సెకన్లలో తేల్చేస్తుంది. ఆర్‌ఐపీ మధ్యలో ఎన్ని రౌటర్లున్నాయో మాత్రమే లెక్కపెడుతుంది. ఓఎస్‌పీఎఫ్‌లో లైన్ స్పీడునీ లెక్కలోకి తీసుకోవచ్చు.

ఓఎస్‌పీఎఫే పెట్టాం. ఇంత చిన్న నెట్‌వర్క్‌కి ఒకే ఏరియా చాలు.

చీటీ పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషికి మందు చేతికందాలి. మనం ఎంచుకునేది ఆయన కోసమే.