వసారా వేదాంతం

స్టోయిక్కులనగానే ఏడుపూ నవ్వూ తెలియని రాతి మొహాల వాళ్లనుకుంటారు చాలామంది. అసలా పేరులో అంత భయపడాల్సిందేమీ లేదండీ. గ్రీకు భాషలో ‘స్టోవా’ అంటే స్తంభాల వసారా. క్రీస్తుకు పూర్వం 300 ప్రాంతంలో జీనో అనే ఆయన ఏథెన్సు నగరంలో అలాంటి వసారాలో పచార్లు చేస్తూ పాఠాలు చెప్పేవాడు. వినేవాళ్లకి ఆ వసారా పేరే స్థిరపడిపోయింది. మన పెద్దవాళ్లు వీధరుగు మీద కూర్చుని చెప్పుకున్నదానికి ఎవరూ పేరు పెట్టలేదు గానీ, సరుకు ఇంచుమించు అలాంటిదే.

వీళ్లలో నాకు నచ్చినవాడు ఎపిక్టెటస్. బానిసగా పుట్టాడు. కాలు అవిటి. తరవాత నికోపొలిస్ అనే ఊళ్లో బడి పెట్టాడు. ఆయన చెప్పినవి శిష్యుడు ఏరియన్ రాసిపెట్టాడు. మన చేతిలో ఉన్నదేది, లేనిదేది అని వేరుచేసుకోవడంతోనే ఆయన చదువు మొదలవుతుంది.

ఊరుమ్మడి స్నానశాలకి వెళ్లేముందు, అక్కడ నీళ్లు చిమ్మేవాళ్లూ, తోసేవాళ్లూ, దొంగిలించేవాళ్లూ ఉంటారని ముందే అనుకుని బయల్దేరమంటాడు. దీన్ని నేను పెళ్లిళ్లకి వాడుతున్నాను. “మీ రెండోవాడి పెళ్లెప్పుడు?” అని నలుగురైనా అడుగుతారు. మన బంతికొచ్చేసరికి పూర్ణాలు అయిపోతాయి. చెప్పులు మాయమవుతాయి. ఇవన్నీ అనుకుని వెళితే జరిగినవి లెక్కలోకి పోతాయి, జరగనివి లాభంలోకి వస్తాయి.

చెప్పులంటే జ్ఞాపకం వచ్చింది. ఎపిక్టెటస్ ఇంట్లో దేవుళ్ల దగ్గర పెట్టిన ఇనప దీపాన్ని ఎవడో ఎత్తుకుపోయాడు. రేపు మట్టిది తెచ్చుకుంటే సరి అనుకున్నాడాయన. పైగా, ఒక్క దీపం కోసం వాడు దొంగయ్యాడు, ఎంత ఖరీదు పెట్టి కొన్నాడో చూడండి అన్నాడు. నా కొత్త చెప్పులు పోయిన రోజున ఈ కథ మా ఆవిడకి చెప్పాను.

“మట్టి చెప్పులు దొరకవండీ” అంది.

ఒక్కచోట మాత్రం ఆయనతో నాకు పేచీ. బిడ్డని ముద్దు పెట్టుకునేటప్పుడు, ఇది ఎప్పటికైనా పోయే ప్రాణమే అని మనసులో అనుకోమంటాడు. పోయిన వానాకాలంలో మా మనవడికి 103 జ్వరం. డెంగ్యూ పరీక్షకి రక్తం తీసుకుని, రిపోర్టు పొద్దున్న ఇస్తామన్నారు. (కాదని తేలింది లెండి.) ఆ రాత్రి ఈ మాట గుర్తొచ్చి ఒళ్లు మండింది. రిపోర్టు నా చేతిలో లేదు, తడిగుడ్డ ఉంది. అంతవరకూ ఒప్పుకుంటాను. తెల్లవార్లూ గుడ్డ మారుస్తూనే ఉన్నాను. మిగతాది మాత్రం గొంతు దిగలేదు.

మా ఆవిడకి చెబితే, “ఆయనకి పిల్లల్లేరేమో” అంది.

నిజమే, చాలాకాలం ఒంటరిగానే బతికాడు. కానీ ముసలితనంలో, ఒక స్నేహితుడు పేదరికం వల్ల వదిలెయ్యబోయిన పసిబిడ్డని తెచ్చుకుని, సాకడానికి ఒక స్త్రీని ఇంట్లో పెట్టుకుని పెంచాడని సింప్లీషియస్ అనే వ్యాఖ్యాత రాశాడు. ఆ సంగతీ చెప్పాను.

ఆవిడ పిల్లవాడి మెడ కింద చెయ్యిపెట్టి చూసింది.

“ఆ బిడ్డకి జ్వరమొచ్చినప్పుడు ఆయనేం చేశాడో రాశారా?” అని అడిగింది.