పాలడబ్బా లాంతరు

పిల్లలూ! పున్నమినాడు చందమామకేసి చూస్తే మీకేం కనిపిస్తుంది? కుందేలంటారు మీరు. రాట్నం వడికే అవ్వ అంటారు మరి కొందరు. వియత్నాం దేశపు పిల్లల్ని అడిగితే మాత్రం, పెద్ద మర్రిచెట్టూ, దాని మొదట్లో కూచున్న కువొయ్ అనే కట్టెలవాడూ కనిపిస్తున్నారంటారు. ఈ కువొయ్ కథ ఆ దేశపు పెద్దమనిషి ఒకాయన తన మనవడికి చెబుతూంటే పక్కన కూచుని విన్నాను. అదే మీకు చెబుతాను.

నేను చాలా ఏళ్ళు బడిపంతులుగా పనిచేసి, హెడ్మాస్టరుగా విశ్రాంతి పుచ్చుకున్నవాణ్ణి. 2025లో అమెరికాలో మా అమ్మాయి ఇంట కొన్నాళ్ళు ఉన్నాను. కాలిఫోర్నియా రాష్ట్రంలో శాన్ హోసే అనే నగరం అది. ఆ ఊళ్ళో తెలుగు మాట బాగానే వినబడుతుంది. కాని అంతకన్న ఎక్కువగా వినబడేది వియత్నాం మాట. ఆ దేశస్థులు అక్కడ లక్షకు పైగా ఉన్నారు. వియత్నాం వెలుపల మరే నగరంలోనూ అంతమంది లేరు. వాళ్ళ అంగళ్ళూ, భోజనశాలలూ బారులు తీరి ఉన్న వీధి పేరు స్టోరీ రోడ్డు. మన భాషలో చెబితే కథల వీధి! పంతులుకు అంతకంటె ఇంకేం కావాలి?

మా అమ్మాయి పక్కింట్లో అటువంటి కుటుంబమే ఉన్నది. ఆ ఇంటి పెద్దాయనకు అరవై ఏళ్ళుంటాయి. నేను పంతులునని తెలియగానే ఆయన నన్ను "థై" అని పిలవటం మొదలుపెట్టాడు. వాళ్ళ భాషలో అది "మాస్టారూ" అన్నమాట. మా మనవరాలు ఆయన్ను "ఓంగ్" అంటుంది. ఓంగ్ అంటే తాత. అక్టోబరు 6వ తేదీన ఆయన మమ్మల్నందర్నీ తన పెరట్లోకి పిలిచాడు. ఆ రోజు వాళ్ళ "తెట్ ట్రుంగ్ థు" పండుగ. శరదృతువు నడిమి పండుగ అని ఆ మాటకు అర్థం. పిల్లల పండుగ అని కూడా దాన్ని పిలుస్తారు. కోతల పనుల్లో పడి బిడ్డల్ని పట్టించుకోలేని తల్లిదండ్రులు, ఆ పని ముగిశాక ఒక రాత్రంతా వాళ్ళకోసం కేటాయించేవారనీ, అందుచేత ఆ పేరు వచ్చిందనీ చెబుతారు.

ఈ పండుగ వాళ్ళ ఎనిమిదవ నెలలో పున్నమినాడు వస్తుంది. 2024లో అది సెప్టెంబరు 17న, మన భాద్రపద పున్నమినాడే వచ్చింది. మరుసటి ఏడు అక్టోబరు 6కి, అంటే మన ఆశ్వయుజ పున్నమికి జరిగింది. ఎందుకో చెప్పగలరా? చంద్రుడి లెక్కన నెలకు ఇరవై తొమ్మిదిన్నర రోజులు. పన్నెండు నెలలకు 354 రోజులే అవుతాయి. ఏడాదికి పదకొండు రోజులు తక్కువ! ఆ లోటు భర్తీ చెయ్యటానికి మనం అధికమాసం పెట్టుకుంటాం. వాళ్ళూ అంతే. కాకపోతే ఇద్దరమూ ఒకేసారి పెట్టుకోం. మనకు 2023లో అధిక శ్రావణం వచ్చింది; వాళ్ళకు 2025లో ఆరవ నెల రెండుసార్లు వచ్చింది. మా మనవరాలు వేళ్ళు మడుచుకుంటూ ఈ లెక్కంతా ఒప్పచెప్పింది. మరి మూడు నాలుగు రోజుల్లోనే అట్లతద్ది వస్తుందనీ, అప్పుడు ఓంగును కూడా పిలవాలనీ అన్నది.

పెరట్లో బల్లమీద పళ్ళెం సర్దారు. పంపరపనస తొనలు ఒలిచి, విప్పదీసి, బొచ్చుకుక్కపిల్లలాగా పేర్చారు. పక్కన సీతాఫలాలు, టొమాటోల్లా కనిపించే పెర్సిమన్ పళ్ళు. నడుమ కొయ్య అచ్చులో ఒత్తిన బిళ్ళలు. ఇవి రెండు రకాలు. ఒకటి గోధుమపిండి చుట్టి కాల్చినది. లోపల తామరగింజల ముద్దా, మధ్యలో చందమామలాగా ఉప్పులో ఊరిన గుడ్డుసొనా ఉంటాయి. రెండవది తెల్లగా, మెత్తగా ఉంటుంది. వేయించిన జిగురుబియ్యప్పిండిలో పంచదార పాకం పోసి చేస్తారు, పొయ్యిమీద పెట్టనక్కర్లేదు. నాకు ఇదే నచ్చింది. గుడ్డుసొన బిళ్ళ మా మనవరాలి పళ్ళెంలోకి చేరింది. హనోయి వైపు ఈ పండుగ రోజుల్లో పాలుపట్టిన పచ్చివరి గింజలు వేయించి, దంచి, తామరాకులో పొట్లం కట్టి అమ్ముతారు. మన అటుకులకు చుట్టాలే అవి, రంగు మాత్రం లేతపచ్చ. చందమామ పైకి వచ్చేదాకా పిల్లలు ఆ పళ్ళెం ముట్టుకోకూడదు. తూర్పు కొండలమీదే అందరి కళ్ళూను!

ఆ వేచి ఉండే సమయంలోనే పెద్దాయన కథ మొదలుపెట్టాడు. ఏడేళ్ళ మనవడికి వియత్నాం భాష సరిగా రాదు. అయినా ఆయన ఆ భాషలోనే చెబుతాడు. వాళ్ళమ్మ ఇంగ్లీషులో చెబుతుంది. నేను పట్టుబట్టి మా పిల్లకు తెలుగులో చెప్పాను. పెద్దాయన నవ్వి, నేను ముగించేదాకా ఆగి, తరవాతి ముక్క చెప్పేవాడు.

కువొయ్ అడవిలో పులిపిల్లల్ని చంపాడు. తల్లిపులి వచ్చి, ఒక మర్రిచెట్టు ఆకులు నమిలి పెట్టేసరికి అవి లేచి కూచున్నాయి. కువొయ్ ఆ చెట్టును పెకలించి తెచ్చి తన పెరట్లో నాటి, చచ్చినవాళ్ళను బతికించసాగాడు. ఆ చెట్టుకు శుభ్రమైన నీళ్ళే పొయ్యాలి. ఒకనాడు అతని భార్య ఆ సంగతి మరిచి మురికినీళ్ళు పోసింది. వెంటనే చెట్టు వేళ్ళతో సహా లేచి ఆకాశంలోకి పోసాగింది. కువొయ్ పరుగున వచ్చి వేరు పట్టుకున్నాడు. చెట్టు ఆగలేదు. అతన్ని చంద్రుడిదాకా తీసుకుపోయింది. ఇప్పటికీ చెట్టు కింద కూచుని భూమికేసి చూస్తున్నాడు.

"వేరు వదిలిపెడితే ఇంటికి వచ్చేసేవాడుగా?" అన్నది మా మనవరాలు.

నేను ఆ ప్రశ్నను ఆయనకు చెప్పాను. పెద్దాయన కొంచెంసేపు మాట్లాడలేదు. తరవాత, "అప్పటికే చాలా ఎత్తుకు పోయాడమ్మా," అన్నాడు.

1975లో యుద్ధం ముగిసిన తరవాత లక్షలమంది ఆ దేశం విడిచి సముద్రంమీద చిన్నచిన్న పడవల్లో వెళ్ళిపోయారు. చాలామంది ఏ తీరమూ చేరలేదు. ఈయనకు అప్పుడు పద్నాలుగేళ్ళు. అక్క వెంట పడవ ఎక్కాడు. తల్లీతండ్రీ ఊళ్ళోనే ఉండిపోయారు. పడవ మలేసియాకు చెందిన పులావ్ బిడాంగ్ అనే దీవికి చేరింది. ఆ దీవి ఒక చదరపు కిలోమీటరు ఉంటుంది, అంతే! 1979లో ఒక దశలో అక్కడ 40,000 మంది ఉన్నారు. ఆ ఏడు పండుగ అక్కడే వచ్చింది. రంగుకాగితమూ వెదురూ ఎక్కణ్ణించి వస్తాయి? పిల్లలు ఖాళీ పాలడబ్బాలకు మేకుతో చిల్లులు పొడిచి, లోపల నూనెవత్తి వెలిగించి, తీగకు కట్టి తిప్పారట. తల్లిని ఆయన మళ్ళీ చూసింది పన్నెండేళ్ళ తరవాత.

ఆయన పొద్దున్నే కాఫీలో చిక్కటి డబ్బాపాలు కలుపుకుంటాడు. పండుగ వస్తుందనగా ఒక డబ్బా కడిగి దాస్తాడు. ఆ రోజు పెరట్లో ఎర్రకాగితపు చుక్క లాంతర్లున్నాయి. చేప ఆకారం లాంతరున్నది. మనవడి చేతిలో మీట నొక్కితే పాడే ప్లాస్టిక్ లాంతరున్నది. పాలడబ్బాను చూసి వాడు, "ఇది బాగాలేదు," అన్నాడు. తాత ఏమీ అనకుండా దాన్ని కొమ్మకు తగిలించాడు.

అన్నిటికన్న నన్ను కట్టిపడేసింది తిరిగే లాంతరు. దాన్ని "పటాలం లాంతరు" అనవచ్చు. నలుచదరపు కాగితపు గూడులో నిలువుపుల్లా, పుల్లపైన కాగితపు రెక్కల చక్రం, చుట్టూ కత్తిరించిన సైనికుల బొమ్మలు. కింద కొవ్వొత్తి వెలిగిస్తే గాలి వేడెక్కి, తేలికై, పైకి లేచి రెక్కల్ని తోస్తుంది. చక్రం తిరుగుతుంది; పటాలం నీడలు కాగితంమీద వరసగా నడిచిపోతాయి. యంత్రమూ లేదు, తాడూ లేదు! ఇది చెప్పటానికి నేను బడిలో ఎన్ని బొమ్మలు గీశానో!

చందమామ వచ్చాడు. పళ్ళెం ఖాళీ అయింది. వీధిలో సింహం వేషగాళ్ళ డోలు వినబడేసరికి ఎవరో పెరట్లో దీపాలు ఆర్పారు. అప్పుడు పాలడబ్బా చిల్లుల్లోంచి వెలుతురు చుక్కలు కంచెమీద పరుచుకున్నాయి. గాలికి డబ్బా ఊగితే చుక్కలన్నీ కదిలేవి. మనవడు ప్లాస్టిక్ లాంతరు బల్లమీద పెట్టి చుక్కలు లెక్కపెట్టటం మొదలుపెట్టాడు. ఇరవైదాకా ఇంగ్లీషులో లెక్కపెట్టి తప్పిపోయాడు. తాత పక్కకు వచ్చి వాళ్ళ భాషలో "మోత్, హై, బా," అన్నాడు. అంటే ఒకటి, రెండు, మూడు. పిల్లవాడు అందుకున్నాడు. మా మనవరాలూ అందుకున్నది. పదికి చేరేసరికి డోలువాళ్ళు వీధి చివరికి వెళ్ళిపోయారు, వీళ్ళు గమనించలేదు.

ఆ డబ్బా మీరూ చెయ్యవచ్చు. మూత తీసిన డబ్బా అంచులు సుత్తితో కొట్టి చదును చెయ్యాలి. లోపల గుండ్రటి కొయ్యముక్క బిగిస్తే మేకు కొట్టేటప్పుడు సొట్టపడదు. పైన రెండు చిల్లులకు తీగ కట్టండి. సుత్తి పట్టేటప్పుడూ, దీపం వెలిగించేటప్పుడూ నాన్నగారినో తాతగారినో పక్కన ఉంచుకోండి సుమా!