చల్లపల్లి దీపాల కింద పసుపు రెక్కలు

పామర్రు, కూచిపూడి దాటాక రోడ్డుకి రెండు పక్కలా వరే. అక్టోబర్ కదా, పొట్ట విప్పి కంకులు బయటికొచ్చే టైమ్. చల్లపల్లిలో దిగేసరికి చీకటి పడింది. బండి మీద వచ్చిన బాబాయ్, పలకరింపులు అవకముందే వీధి లైటు వైపు చెయ్యి చూపించాడు.

"చూశావట్రా, ఎన్నున్నాయో!"

గోరంత రెక్కల పురుగులు. ఫోన్‌లో జూమ్ చేసి చూశా. ఎండుగడ్డి పసుపు రంగు, ఒక్కో ముందు రెక్క మధ్యలో పెన్నుతో పెట్టినట్టు నల్లచుక్క. అది ఆడది. మగది ఇంకా చిన్నది, బూడిద కలిసిన గోధుమ రంగు. నిజం చెప్పొద్దూ, ఇన్‌స్టాలో పెట్టబోయా. బాబాయ్ ముఖం చూసి ఆగిపోయా.

ఇది వరి కాండం తొలిచే పురుగుకి తల్లి. ఆకు కొన దగ్గర 50 నుంచి 80 దాకా గుడ్లు ముద్దగా పెట్టి, ఒంటి నూగుతో కప్పేస్తుంది. అందుకే బాబాయ్ నారు కొనలు తుంచి మరీ నాట్లు వేయించాడు. పిల్ల పురుగు కాండంలోకి దూరిందంటే మందు తగలడం కష్టం. లేత పైరులో అయితే మొవ్వ ఎండిపోతుంది. (మొవ్వ అనగానే మనకి పక్కనున్న క్షేత్రయ్య ఊరు గుర్తొస్తుంది, బాబాయ్‌కి పైరే!) అప్పుడైతే పక్క నుంచి ఇంకో పిలక వస్తుందన్న ఆశ ఉంటుంది. ఇప్పుడు తొలిస్తే వచ్చేది తెల్లకంకి. నిటారుగా నిలబడుతుంది, అంతా తాలే.

1863లో ఫ్రాన్సిస్ వాకర్ అనే ఇంగ్లిష్ ఆయన శాస్త్రీయంగా నమోదు చేసిన జాతి ఇది. తిండి దాదాపుగా వరే కాబట్టి అఫ్ఘానిస్థాన్ నుంచి జపాన్, ఇండోనేషియా దాకా వరి ఉన్న చోటల్లా ఉంటుంది. కృష్ణ మీద 1855లో ఆనకట్ట పూర్తయ్యాక కాలవల వెంట పరుచుకున్న ఈ వరి కంటే దానికి ఇంకేం కావాలి? కోతలయ్యాక కూడా మొదళ్లలో దాక్కుని బతుకుతుంది.

పొద్దున్నే చేలోకి వెళ్లాం. చదరపు మీటరుకి ఒక్క తల్లి పురుగు కనబడినా జాగ్రత్త పడాలని లెక్క. లింగాకర్షక బుట్టలో పడ్డ మగ పురుగుల్ని బాబాయ్ వేలితో కదుపుతూ లెక్కపెట్టాడు. చేను కౌలుది. పండినా పండకపోయినా బస్తాల లెక్క మారదు.

గట్టు పక్కన ఒక తెల్లకంకి. లాగితే ఇట్టే ఊడొచ్చింది. ఇంకో రెండు అడుగుల్లో ఇంకోటి. నాలుగోది లాగాక లెక్కపెట్టడం ఆపేసి, "పద, టీ తాగుదాం" అన్నాడు.