మల్లెపొద, చిక్కుడుపాదు

నర్సరీల్లో మొక్కల్ని రెండు వరసలుగా పెడతారు. ఒకవైపు అలంకారానికి పెంచే పూలమొక్కలు, ఇంకోవైపు కూరగాయల నారు, విత్తనాల పొట్లాలు. ఆ లెక్కన మల్లె మొదటి వరసలోకి, చిక్కుడు రెండో వరసలోకి పోతాయి. మదురై చుట్టుపక్కల బతికేవాళ్లకు ఈ విభజన అతకదు. ఉసిలంపట్టి, తిరుమంగళం వైపు ఊళ్లలో పిల్లల ఫీజు కట్టేదీ, బాకీ తీర్చేదీ మల్లెతోటే. ఇంటి వెనక కంచెమీద పాకిన చిక్కుడు బజారు ముఖం చూడడం తక్కువ; వండుకోగా మిగిలిన కాయలు పక్కింటికి పోతాయి. పొట్ట నింపేది పూలమొక్క, పెరడుకు సొంపు తెచ్చేది కూరపాదు. ఊదారంగు పూలగుత్తులతో నిండిన చిక్కుడు పందిరిని కార్తీకమాసంలో చూసినవాళ్లెవరూ దాన్ని అలంకారానికి పనికిరాదని అనరు.

మదురైలోని మాట్టుతావణిలో ఈ రెండూ కూతవేటు దూరంలో దొరుకుతాయి. ఒకప్పుడు పశువుల సంత జరిగిన చోటు అది. ఇప్పుడు అక్కడ ఎం.జి.ఆర్. బస్టాండు, దాని దాపున పూల మార్కెట్టు, ఊరి నడుమనుంచి తరలివచ్చిన కూరగాయల సెంట్రల్ మార్కెట్టు ఉన్నాయి. నాయకరాజుల కాలంనుంచి ఈ నేలమీద స్థిరపడిన తెలుగు కుటుంబాలవాళ్లం బేరం తమిళంలో ఆడి, సంచీ ఇంటికి తెచ్చి, బాగోగులు తెలుగులో మాట్లాడుకుంటాం. మల్లె ధర ఎంత పలికిందన్నది ఆ మాటల్లో తప్పకుండా వస్తుంది, ఇంట్లో తోట ఉన్నా లేకపోయినా.

తెల్లవారకముందే మొగ్గలు కోసి, మూటలు కట్టి, మార్కెట్టుకు చేరుస్తారు. అప్పటికి అది విరియని పువ్వు. కొమ్మనుంచి తెంపినా దాని లోపలి గడియారం ఆగదు. మధ్యాహ్నం దండగా కడితే సాయంత్రం జడలోనే విచ్చుకుంటుంది, అప్పుడే వాసన వదులుతుంది. రైతుకూ వర్తకుడికీ ఉన్న గడువు ఆ కొద్ది గంటలే. విమానంలో దుబాయికో సింగపూరుకో పోయే పువ్వుకూ అదే గడువు, మంచుపెట్టెలో పెట్టి దాన్ని కాస్త సాగదీస్తారంతే. మదురై మల్లెకు 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దళసరి రేకులు, పొడవైన కాడ, ఎక్కువసేపు నిలిచే వాసన ఈ పువ్వును వేరు చేస్తాయి. చిక్కుడుకాయకు ఇంత తొందర లేదు. ఈరోజు కోయడం మరిచిపోతే రేపటికి గింజ కాస్త ముదురుతుంది. ఇంకో పది రోజులకు తోలు తీసేసి గింజలే కూరకు వాడుకోవచ్చు. ఎండిపోతే విత్తనం. ఏ దశలోనూ అది వృథా పోదు. మల్లె మాత్రం ఒక్క పూట దాటితే ఎందుకూ కొరగాదు. మల్లెరైతు కళ్లలో ఎప్పుడూ నిద్రలేమి కనిపించడానికి కారణం ఇదేనని నాకనిపిస్తుంది.

రెండింటి కాలాలూ ఎదురెదురు. మల్లెకు ఎండ కావాలి. మార్చినుంచి జులై దాకా విరగబూసి, చలి మొదలయ్యేసరికి మొగ్గ తగ్గిపోతుంది. నవంబరు ఆఖర్లో పొదను నేలనుంచి మూరెడు, మూరన్నర ఎత్తుకు కత్తిరించి వదిలేస్తారు. సరిగ్గా అప్పుడే చిక్కుడు పూతమీదికి వస్తుంది. నాటు చిక్కుడు పగటి పొడుగును కొలుచుకునే మొక్క. ఆషాఢంలో గింజ వేసినా, అంతకుముందే వేసినా, పగళ్లు కురచ అయ్యేదాకా తీగ పాకుతుందే తప్ప పూయదు. రాత్రంతా వీధిదీపం వెలుగు పడేచోట పందిరి వేస్తే పూత ఆలస్యం కావచ్చు. ఎరువు చాలలేదని మొక్కను తిట్టేముందు ఆ దీపం వైపు ఒకసారి చూడాలి.

అందుకే పొంగల్ వచ్చేసరికి మాట్టుతావణిలో ధరలు తలకిందులవుతాయి. మల్లె కిలో వేలల్లోకి పోతుంది. పండగ, ఆ వెనకే పెళ్లిళ్లు, పువ్వేమో లేదు. వేసవిలో మూరలకు మూరలు కొన్నవాళ్లు ఒక్క మూరతో సరిపెట్టుకుంటారు. అవతల కూరగాయల వైపు మాత్రం చిక్కుడుకాయలు కుప్పలు పోసి ఉంటాయి. పొంగల్ పులుసులోకి మొచ్చై గింజలు లేకపోతే ఇక్కడ పండగ కాదు. చిక్కుడులో గింజకోసం పెంచే రకమే మొచ్చై. ముదురు గింజలను బాగా ఉడికించి ఆ నీళ్లు వంపేయాలని మా అవ్వ పట్టుబట్టేది. ఆ ముదురు గింజలో కొద్దిగా విషగుణం ఉంటుందనీ, ఉడికించి నీళ్లు పారబోస్తే అది పోతుందనీ తర్వాతెప్పుడో చదివాను. ఆమెకు ఆ సంగతి వంటింటి అలవాటుగా తెలుసు.

అసలు తేడా విత్తనంలో ఉంది. మదురై మల్లె అంటే గుండుమల్లె, దానికి కాయ పట్టడం చాలా అరుదు. కొమ్మను నాటి వేరు పట్టించాలి, లేదా కొమ్మను వంచి అంటు తొక్కాలి. మదురై తోటలకు కావలసిన అంట్లు చాలావరకు రామేశ్వరం దీవిలోని తంగచ్చిమడం ఇసుకనేలల్లో తయారవుతాయి. అంటే ఒక మల్లెతోటలో కనిపించే వేల పొదలు ఎప్పటిదో ఒక మొక్క కొమ్మలే, చేతులు మారుతూ వచ్చాయి. మనిషి నాటడం మానేస్తే ఈ మొక్క కొత్తచోటికి పోలేదు. ఇంత వాసన, ఇంత తెలుపు, ఇంత పేరు ఉన్న మొక్క మన చేతులమీద ఆధారపడి బతుకుతోంది. అది తలుచుకుంటే నాకు మల్లెమీద ప్రేమతోపాటు కాస్త జాలి కూడా కలుగుతుంది.

చిక్కుడుది వేరే బతుకు. దాని పువ్వులో తనకు కావలసిన పుప్పొడి తనకే ఉంటుంది. కాయ ఎండితే గింజ చేతిలో ఉన్నట్టే. దక్షిణ భారతంలో నవీన శిలాయుగపు ఊళ్ల తవ్వకాల్లో కూడా చిక్కుడు గింజలు దొరికాయి. వేళ్లమీద బుడిపెల్లో చేరిన సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి, కాబట్టి యూరియాకోసం అది మన చెయ్యి చూడదు. దానికి శత్రువు పేనుబంక. చలిలో లేతకొనలను నల్లగా కమ్మేస్తుంది. బూడిద చల్లడం, వేపగింజల కషాయం పిచికారీ చేయడం పెరట్లో చాలు. మల్లెతోటలో మొగ్గ తొలిచే పురుగు పడితే అంత తేలిగ్గా పోదు, మందుల ఖర్చు రైతు నడుము విరుస్తుంది.

పూజలో మల్లెకే పెద్దపీట అనుకుంటాం. కానీ మన తెలుగువాళ్లు ఏడాదిలో ఒకరోజు ఆ పీట చిక్కుడుకు వేశారు. రథసప్తమినాడు చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి సూర్యుడికి రథం కడతారు. పాలు పొంగించి వండిన పరమాన్నాన్ని చిక్కుడాకుల్లో నైవేద్యం పెడతారు. మాఘమాసంలో పందిరి నిండా ఉండేది చిక్కుడే. పగటి పొడుగును చూసి పూసే మొక్కను, పగళ్లు పెరగడం మొదలైన రోజుల్లో సూర్యుడి ముందు పెట్టడం నాకు ఎంతో సబబుగా తోస్తుంది. దీన్ని ఎవరో లెక్కవేసి పెట్టారని అనను. ఏ కాలంలో చేతికందింది ఆ కాలపు దేవుడికి ఇచ్చారు, అదే సరిపోయింది.

కోయంబత్తూరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండింటిమీదా పనిచేసింది. పగటి పొడుగుతో నిమిత్తం లేకుండా ఏడాదిలో ఎప్పుడు వేసినా కాసే చిక్కుడు రకాలు అక్కడ తయారయ్యాయి. విత్తనం ఉంది కాబట్టి రెండు రకాలను కలిపి మూడోదాన్ని తీయడం కుదిరింది. గుండుమల్లెతో ఆ దారి దాదాపు మూసుకుపోయింది. ఉన్న పొదల్లో మేలైనదాన్ని ఏరుకోవడం ముఖ్యమైన మార్గంగా మిగిలింది. మల్లె జాతిలోనే వేరే మొక్కనుంచి, చలికాలంలోనూ పూసే స్టార్ జాస్మిన్ రకాన్ని ఆ విశ్వవిద్యాలయమే తెచ్చింది. మంచి పని. అయినా పొంగల్‌కు వచ్చినవాళ్లు గుండుమల్లే అడుగుతారు, ఆ వాసనకు అలవాటుపడిన ముక్కు మరొకదాన్ని ఒప్పుకోదు. ఏటా జనవరిలో ఆ కరువు తప్పదు. తప్పాలని కూడా నాకు లేదు. నాటు చిక్కుడు కార్తీకం దాకా ఆగినట్టే, మల్లెకోసం ఫాల్గుణం దాకా ఆగడం మనకు చేతకానిదేం కాదు.

పెరట్లో కాస్త జాగా ఉన్నవాళ్లు రెండూ వేసుకోవచ్చు. మల్లెకు రోజంతా ఎండ తగలాలి, కాబట్టి చిక్కుడు పందిరి దానికి ఉత్తరం వైపు వేయాలి. శీతాకాలంలో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు, పందిరి నీడ మల్లెమీద పడదు. మాఘం చివర్లో కాపు అయిపోయాక చిక్కుడు తీగను పీకకుండా నేలమట్టానికి కోసేయాలి, వేళ్లను మట్టిలోనే వదలాలి. ముందే కాండం మొదట్లో కాసిన బలమైన కాయలను విత్తనానికి పక్కన పెట్టుకుని, మిగిలిన తీగనూ ఆకునూ మల్లె మొదట్లో పరచాలి. నవంబరులో కత్తిరించిన పొద అప్పటికి కొత్త చిగుళ్లు వేస్తుంటుంది. ఆ ఆకు కుళ్లి ఎరువవుతుంది, ఎండలు ముదిరాక ఆ కప్పు వేళ్లదగ్గర తడిని కాపాడుతుంది.