ఎదిగిన సంఘానికి గుర్తు



మన సంఘం ఎదిగిందా అని ఎవరైనా అడిగితే మనం వెంటనే లెక్కలు చెబుతాం. ఈ ఏడు బాప్తిస్మాలు ఎన్ని, ఆదివారం ఎంతమంది వచ్చారు, మందిరానికి స్లాబ్ పడిందా లేదా అని. వయసు లెక్కకు వస్తే మనకేమీ తక్కువ లేదు. క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే మిషనరీలు విశాఖపట్నానికి వచ్చింది 1805లో. తెలుగులో కొత్త నిబంధన అచ్చయింది 1818లో. మన ఉత్తరాంధ్ర మట్టిలో వాక్యం పడి రెండు వందల ఏళ్లు దాటింది. కానీ వయసు వేరు, ఎదుగుదల వేరు. ఆ సంగతి మేము తిత్లీ తుఫాను తర్వాత నేర్చుకున్నాము.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుఫాను మన శ్రీకాకుళం జిల్లా మీద విరుచుకుపడింది. ఉద్దానంలో తాతల నాటి కొబ్బరిచెట్లు, జీడితోటలు ఒక్క పూటలో నేలకూలాయి. కొన్నాళ్లకు వేరే ఊరి విశ్వాసులు మా సంఘానికి ఇళ్ల మీద కప్పుకునే బరకాలు పంపారు. వచ్చినవి తక్కువ, కప్పు ఎగిరిపోయిన ఇళ్లు ఎక్కువ. మేము సంఘం పుస్తకం తెరిచి, అందులో పేరున్నవాళ్లకే పంచాము. విశ్వాస గృహానికి చెందినవారికి ముఖ్యంగా మేలు చేయాలని గలతీ 6:10లో ఉంది కదా అని సమర్థించుకున్నాము. అదే వచనంలో అందరికీ మేలు చేయమని ఉన్న మాట ఆ రోజు మా కంటికి ఆనలేదు.

మరునాడు పొద్దున్నే సంఘంలోని ఒక పెద్దమ్మ వచ్చింది. ఆమెకు చదువు రాదు. సాక్ష్యం చెప్పమంటే సిగ్గుపడి కూర్చుంటుంది. తనకిచ్చిన బరకాన్ని మడతపెట్టి తెచ్చి, వెనక వీధిలో ఒంటరిగా ఉండే ముసలమ్మకు ఇమ్మంది. ఆ ముసలమ్మ ఎన్నడూ మందిరం గడప తొక్కలేదు. పైగా మన మైకు చప్పుడు గురించి మాతో గొడవ పడిన మనిషి.

"మా ఇంటికి గోడలైనా మిగిలాయి గదా అయ్యగారూ. ఆమెకేటి మిగిలింది?" అంది పెద్దమ్మ.

మా దగ్గర జవాబు లేదు. ఏళ్ల తరబడి ప్రేమ మీద ప్రసంగాలు చేసిన మేము ఆమె ముందు పసిపిల్లల్లా నిలబడిపోయాము.

రెండోసారి బరకాలు వచ్చినప్పుడు పేర్లు చూడలేదు, కూలిన ఇళ్లు చూశాము. "మనకొచ్చినవి బయటివాళ్లకా?" అని రెండు కుటుంబాలు ఆరాధనకు రావడం మానేశాయి. ఆ లెక్క వాళ్లకు నేర్పింది మేమే. ఇంటికి వెళ్లి తప్పు మాదని ఒప్పుకున్నాము. ఒక కుటుంబం తిరిగి వచ్చింది. రెండో కుటుంబం కోసం ఇప్పటికీ ప్రార్థిస్తున్నాము.

కొరింథు సంఘాన్ని చూడండి. వరాలకు, జ్ఞానానికి అక్కడ లోటు లేదు. అయినా వారిలో అసూయ, కలహం ఉన్నందుకు పౌలు వారిని క్రీస్తులో పసిబిడ్డలన్నాడు (1 కొరింథీ 3:1-3). పిల్లచేష్టలు మానుకోవడం గురించి ఆయన రాసింది ఎక్కడో తెలుసా? ప్రేమ అధ్యాయం మధ్యలో (13:11). అంటే పెద్దవాళ్లమయ్యామని చెప్పే గుర్తు ప్రేమే.

ఆ ప్రేమ మన సొంత గుణం కాదు. దేవుడే తన ఆత్మ ద్వారా దాన్ని మన హృదయాల్లో నింపాడని రోమా 5:5 చెబుతోంది. కొబ్బరి మొక్క నాటిన రైతు మట్ట పట్టుకుని లాగి దాన్ని పెంచడు. నీరు పెడతాడు, ఏళ్ల తరబడి ఓపికపడతాడు. మనమూ రోజూ ప్రభువు ప్రేమలో వేరుపారితే, కాపు దాని కాలంలో వస్తుంది.

ఆ ముసలమ్మ తర్వాత కూడా మందిరానికి రాలేదు. రమ్మని షరతు పెట్టి ఇచ్చింది కాదు కదా. కానీ ఆ బరకం కింద ఆమె తడవకుండా పడుకుంది. అది చాలు.

ప్రియులారా, ఈ వారం మీ గోడకు అవతల ఎవరున్నారో ఒక్కసారి చూడండి. ప్రభువు మనందరినీ తన ప్రేమలో ఎదిగించును గాక. ఆమేన్.