అమ్మ గది నేల

మీ ఇంట నేలమీద కూర్చుండి, నేలమీదనే పండుకొను పెద్దలున్నయెడల ఈ నాలుగు మాటలు ఓపికతో చదువుడి. ఇది నేను చేసిన పొరపాటు.

మా అమ్మ రేపల్లెకు దగ్గరనున్న మా పల్లెలో నివసించుచున్నది. ఎనుబది ఏండ్లు దాటినవి. తెనాలిలో నా యొద్దకు రమ్మని ఎన్నిమారులు పిలిచినను రాదు. భోజనము నేలమీదనే, ప్రార్థన నేలమీదనే, నిద్రయు నేలమీదనే. 1977 నవంబరు 19వ తేదీ తుపానులో మా మట్టి ఇంటిలోనికి నీళ్లు వచ్చి నేలయంతయు పాడుకాగా, మరల మట్టి మెత్తి, అలికి, దానిని నిలిపినవి ఆమె చేతులే. నాన్నగారు సిమెంటు చేయించినది తరువాతి మాట. ఆ నేలను విడిచి మంచమెక్కుట ఆమెకు ఓటమివలె తోచును కాబోలు.

2023 జనవరిలో దక్షిణ కొరియా దేశమున, సువాన్ పట్టణములో ఉద్యోగము చేయుచున్న మా అబ్బాయి యొద్దకు వెళ్లితిని. బయట నీళ్లు గడ్డకట్టు చలి. గుమ్మమునొద్ద చెప్పులు విడిచి లోపల అడుగుపెట్టగానే అరికాళ్లకు వెచ్చదనము తగిలెను. ఎండలో ఆరవేసిన చాపమీద కూర్చున్నట్లుండెను. ఆ దేశస్థులు కూడ మనవలెనే చెప్పులు బయట విడుతురు, నేలమీద కూర్చుందురు, కొందరు పక్కలు నేలమీదనే పరచుకొందురు. కారము కూడ మన గుంటూరువారికి తీసిపోకుండ తిందురు. నాకు పరాయి ఇల్లు అనిపించలేదు.

ఆ వేడి ఎక్కడిదని అడిగితిని. సిమెంటులో సన్నని గొట్టములు మెలికలు తిరిగి యున్నవనియు, బాయిలరులో కాగిన నీరు వాటిలో ప్రవహించుననియు, పైన పరచిన వినైలు షీటు పలుచనిది గనుక వేడిని అంతగా అడ్డగింపదనియు అబ్బాయి చెప్పెను. పూర్వము అక్కడ వంటింటి పొయ్యి పొగను నేలక్రింది రాతిబండల సందులగుండ పోనిచ్చి గదిని వెచ్చచేసెడివారట. బండలపై మట్టి పూసి, నూనె పట్టించిన కాగితము అంటించెడివారట. ఆ పద్ధతికి ఒందోల్ అని పేరు. నేడు అనేక గృహములలో ఆ కాగితమునకు బదులు వినైలు వచ్చినది.

అప్పుడు నాకు అమ్మ జ్ఞాపకము వచ్చెను. మన ప్రాంతమున జనవరి తెల్లవారుజామున 17, 18 డిగ్రీలే యైనను, ముసలి ఎముకలకు సిమెంటు చల్లన చల్లనయే గదా!

2024 క్రిస్మసుకు అబ్బాయి ఇంటికి వచ్చినప్పుడు తెనాలి బజారులో వినైలు షీటు, మనవారు ఫ్లోరు మ్యాటు అందురే, అది కొనితిమి. కరెంటుతో వేడెక్కు పలుచని ఫిల్మును అతడు తెచ్చెను. ఫిల్ము క్రింద, షీటు పైన. ఒక్క పూటలో పని ముగిసెను. నాయనమ్మ నవ్వినది. మేము మురిసితిమి.

సువాన్ నేలయు రేపల్లె నేలయు ఒకటేనా అని నేను అడుగవలసియుండెను. మాది నల్లరేగడి, కాలువల నడుమ నున్న పల్లము. చెమ్మను సిమెంటు పైకి పీల్చును. నేల తెరచియున్నంతకాలము ఆ చెమ్మ గాలికి ఆరిపోవుచుండెను. షీటు కప్పగానే దానికి దారి లేకపోయెను. బాపట్లలో మా చెల్లెలి ఇల్లు ఇసుక నేలమీద నున్నది, నీరు నిలువదు. అక్కడ షీటు ఇంత త్వరగా చెడకపోవునేమో. మా ఇంట మూడు వారములకే అంచులు లేచి, అడుగున నల్లని బూజు పట్టి, వాసన వేసెను.

అది చిన్న నష్టము. పెద్దది మరియొకటి. క్రింద వేడి పెట్టినప్పుడు వినైలు పైభాగము 27 డిగ్రీలు మించరాదని దానిని తయారుచేయువారు అనేకులు చెప్పుదురు. ఆ లెక్కయైనను తెరచియున్న నేలకే. దానిపై దళసరి పక్క వేసినయెడల వేడి పైకి పోలేక అక్కడనే పోగగును. అమ్మ తన బొంతను సరిగా ఆ ఫిల్ము మీదనే పరచుకొనెను. ఆమెకు ఇరువది ఏండ్లుగా చక్కెర వ్యాధి. పాదములకు స్పర్శ తగ్గినది. 44, 45 డిగ్రీల వేడి చేతికి సుఖముగానే తోచును గాని, గంటలతరబడి ఒకేచోట తగిలియుండిన చర్మమును కాల్చును.

జనవరి మూడవ వారములో వెళ్లి చూచితిని. కుడి మడమ మీద రూపాయి బిళ్లంత బొబ్బ.

“అమ్మా, ఇదేమిటి? నొప్పి తెలియలేదా?”

“తెలియలేదు నాయనా. పక్క కాస్త వేడిగానే ఉండేది. పిల్లాడు అంత దూరాన్నుంచి ముచ్చటపడి తెచ్చాడు గదా అని ఊరుకున్నాను.”

రోగుల పాదములను గూర్చి అనేక గృహములలో జాగ్రత్తలు చెప్పిన నేను, నా తల్లి పాదములను చూడలేదు. రేపల్లెలో డాక్టరుగారు కట్టుకట్టి, ఇంకొక వారము ఆలస్యమైన పుండు లోపలికి దిగెడిదని మందలించిరి. మానుటకు రెండు నెలలు పట్టెను. ఆ రెండు నెలలును శనివారము మధ్యాహ్నము రైలెక్కి వెళ్లి, కట్టు విప్పి చూచి, రాత్రికి తెనాలి చేరుచుంటిని.

వినైలు చెడ్డదని నేననుట లేదు. నేల బాగుగా ఆరియుండవలెను; ఒక ప్లాస్టిక్ కాగితమును ఒక రాత్రి నేలకు అంటించి చూచినయెడల అడుగున చెమ్మ కనబడును. మే నెలలో మన ఇండ్లలో గాలియే 40 డిగ్రీలు దాటుచుండగా, కిటికీ ఎండ పడుచోట షీటు సాగి ఉబ్బును. గోడలవెంట కొంచెము సందు విడువుడి. క్రింద వేడి పెట్టు పనియైతే మన పల్లములలో వలదనియే నా మాట. చక్కెర వ్యాధిగలవారి పక్క క్రింద అసలే వలదు.

ఇప్పుడు అమ్మ గదిలో మరల ఆ పాత సిమెంటు నేలయే. దానిమీద తుంగచాప, చాపమీద రెండు బొంతలు, కాళ్లకు మేజోళ్లు. అబ్బాయి ప్రతి ఆదివారము సాయంకాలము ఫోనుచేసి, “నాయనమ్మా, నేల వెచ్చగా ఉందా?” అని అడుగును. “బ్రహ్మాండంగా ఉంది రా” అని ఆమె చెప్పును. ఆ షీటును కోయించి పెరటిలో పిడకల గూటిపై కప్పించినది. మడమ సంగతి అతనికి నేను ఇంకను చెప్పలేదు. చెప్పవద్దని ఆమె నాయొద్ద మాట తీసికొనినది.