చీమ కాదు, గొల్లభామ పిల్ల

మా పెరట్లో ఒక చిక్కుడు పందిరి ఉన్నది. క్రిందటి సంవత్సరం ఒక ఉదయమున ఆ తీగ మీద నల్లని చీమల వంటివి గుంపుగా కనిపించాయి. పేనుబంక పట్టిన తీగకు చీమలు రావడం మామూలే గనుక, మేము మరి చూడక బూడిద చల్లి చీపురుతో దులిపివేశాము.

అంతలో మా చిన్నమ్మాయి, "అమ్మా, ఈ చీమ తల తిప్పి నన్నే చూస్తోంది!" అన్నది. చీమ అలా మెడ తిప్పి చూస్తుందా? దానిని సీసాలో వేసి, సైన్సు బోధించి రిటైరైన పక్కింటి మాస్టారికి చూపించాము.

ఆయన భూతద్దము పాప చేతికిచ్చి, "ఎన్ని కాళ్లతో నడుస్తోందో లెక్కపెట్టు తల్లీ" అన్నారు. నాలుగే! ముందరి రెండు కాళ్లు మడిచి పైకి పెట్టుకున్నది, వాటికి ముళ్లున్నాయి. తల మూడు మూలలుగా ఉన్నది. "చీమకు మీసాలు మోచేయిలా వంగి ఉంటాయి. దీనికి దారంలా ఉన్నాయి. ఇది గొల్లభామ పిల్లమ్మా. రెక్కలు లేవని వేరే పురుగు అనుకోకండి. అనేకసార్లు కుబుసం విడిచి, పెద్దదైన తరువాతే రెక్కలు వస్తాయి. కొన్ని జాతుల పిల్లలు మొదట్లో చీమల్లా ఉంటాయి. పక్షులు చీమలనుకొని వదిలేస్తాయి" అన్నారు. ఏ జాతిదో ఈ వయసులో చెప్పడం కష్టమని కూడా చెప్పారు.

ఇంటికి వచ్చి వెదకగా, పందిరి గుంజకు ఎండిన నురుగు ముద్ద వంటి గుడ్ల గూడు అంటుకొని ఉన్నది. ఒక్క గూటిలో నుండి పదుల కొలదిగా పిల్లలు వస్తాయట. పక్షులను తప్పించుకొనుటకు వాటికున్న వేషమే మా చేతిలో వాటి ప్రాణం తీసినది. మిగిలినవి నాలుగైదే. సీసాలోని దానిని కూడా తీగ మీదనే వదిలాము.

గొల్లభామ కేవలం మన మేలు కోరే పురుగని చెప్పలేము. అది చీడపురుగులను తింటుంది, తేనెటీగలనూ తింటుంది. ఇంగ్లీషువారు దానికి 'ప్రార్థించే పురుగు' అని పేరు పెట్టారు గాని, ఆ ముడిచిన చేతులు వేట కొరకు పొంచి ఉన్న చేతులే. వారు రూపము చూచి భక్తుడనుకున్నారు, మేము రూపము చూచి చీమ అనుకున్నాము.

ప్రియ చదువరులారా, ఇప్పుడు మా ఇంట చీపురు ఎత్తేముందు, "నాన్నా, కాళ్లు లెక్కపెట్టారా?" అని పాప అడుగుతుంది. మేము ఆగి, వంగి చూస్తున్నాము.